కైకలూరు నుంచి ఏలూరుకి, రెండు మాటల కోసం

మా పాప దివ్యకి ఎనిమిదేళ్లు. పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్ ఉంది. మాటలు చాలా తక్కువ. ఏం కావాలన్నా మన చెయ్యి పట్టుకుని లాగుతుంది. ఇంట్లో అలా బాగానే గడిచిపోయింది గానీ, బడిలో చిక్కొచ్చింది. తరగతిలో రెండుసార్లు బట్టలు తడుపుకుంది. పిల్లలు నవ్వారు. ఇంటికొచ్చి మంచం కింద దూరింది. హెడ్‌మాస్టరు గారు నన్ను పిలిచి, "బాత్రూముకని అడగగలిగితే చాలండీ, సాయంత్రం దాకా ఉంచుకుంటాం. లేదంటే మధ్యాహ్నానికే తీసుకెళ్లిపోవాలండీ," అన్నారు. ఆయన తప్పేం లేదు. కానీ ఆ పూట నాకు అన్నం సహించలేదు. అందుకే ఏలూరులో స్పీచ్ థెరపిస్టు దగ్గరికి బయల్దేరాం. ఇలాంటి పిల్లలున్నవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఉదయం ఏడింటికల్లా కైకలూరు బస్టాండులో ఉంటే సీటు దొరుకుతుంది. ఆలస్యమైతే కాలేజీ పిల్లల మధ్య నిలబడాల్సిందే. ఆడవాళ్లకి బస్సు ఉచితం కాబట్టి ఆధార్ చూపిస్తే దివ్యకి డబ్బుల్లేవు, టిక్కెట్టు నాకొక్కడికే. గంటా గంటన్నర ప్రయాణం. వానాకాలమైతే కొల్లేరు మధ్యలో ఎడ్లగాడి వంతెన దగ్గర రోడ్డు మీదికి నీళ్లొచ్చాయేమో ముందే కనుక్కోండి. తాడేపల్లిగూడెం నుంచి వచ్చేవాళ్లకి ఈ గొడవ లేదు, రైలెక్కితే హాయి. దారిలో గూడబాతులు కనిపించగానే దివ్య నా గడ్డం పట్టుకుని అటు తిప్పింది. "గూడబాతమ్మా! ముక్కు చూడు ఎంతుందో!" అంటూ దారంతా నేనే వాగాను. మాది చేపల మేత కొట్టు, బడి లేనప్పుడు దివ్య కూడా అక్కడే. వచ్చినాయన నోరు తెరవకముందే ఏ బస్తా కావాలో కనిపెట్టెయ్యడం నా గొప్ప.

థెరపిస్టు చిన్నమ్మాయి, మహా అయితే పాతికేళ్లుంటాయేమో. ఇల్లు, కొట్టు, బడి సంగతులన్నీ అడిగి రాసుకుని, జంతికలున్న డబ్బాకి మూత గట్టిగా బిగించి దివ్య చేతికిచ్చి ఊరుకుంది. దివ్య డబ్బా నా వైపు చాచింది. నా చెయ్యి దానంతటదే వెళ్లింది.

"ఏవండీ, మీరు కాసేపు చేతులు కట్టుకుంటారా?" అంది ఆ అమ్మాయి.

"మూత బిగుసుకుపోయిందండీ, పాపం..."

"పాపకి మాట ఆలస్యమవడం మీ తప్పు కాదండీ. కానీ అడిగే అవసరమే రానివ్వకపోతే ఎలా అడుగుతుంది చెప్పండి?"

తిట్టినట్టే ఉంది, తిట్టలేదు. మా వైపు దెబ్బలాడినా 'అండీ' అంటూనే దెబ్బలాడతాం. నేను చేతులు కట్టుకున్నాను. దివ్య డబ్బా ఊపింది, బల్లకేసి కొట్టింది, చివరికి ఆ అమ్మాయి వైపు తిరిగి "అండీ!" అంది.

"చూశారా! మేడం అనడం పాపకి కష్టం, బడిలో ఆయాని పిలవడానికి ఆ మాటా పలకట్లేదు. ఈ మాట మాత్రం మీ కొట్లో విని పట్టేసిందండీ. దీంతో ఎవర్నైనా పిలవొచ్చు," అంటూ థెరపిస్టు చప్పట్లు కొట్టింది. బడిలో పిల్లలు బాత్రూముకి 'ఒకటికి' అంటారు కదా, ఇక "అండీ, ఒకటికి" అని రెండు మాటలే పట్టుకుని సాధన చేయించింది. మొదటిది బాగానే వచ్చింది. రెండోది ఒక్కసారీ రాలేదు. "మీరు అందించకండి. ఆగండి," అని చెప్పి పంపింది. నా ప్రాణం ఉసూరుమంది.

ఏలూరు బస్టాండు దగ్గర్లో భోజనం చేశాం. దివ్య రెండు గ్లాసుల మజ్జిగ లాగించింది. బస్సెక్కేముందు బాత్రూము చూపిస్తే వద్దని తల అడ్డంగా ఊపింది. ఊరు దాటి చెరువుల మధ్యకి వచ్చామో లేదో, మోకాళ్లు దగ్గరికి లాక్కుని నా చెయ్యి గుంజడం మొదలెట్టింది. అదేమిటో నాకు తెలుసు. లేచి డ్రైవర్ని కేకెయ్యబోయి మళ్లీ కూలబడ్డాను. ఓరి నాయనో, ఎంత నరకం! ఇంతమందిలో తడుపుకుంటే? నేను తండ్రినా, రాక్షసుణ్ణా? పళ్లు బిగపట్టుకుని, ముందు సీట్లో ఉన్న కండక్టరమ్మ వైపు మాత్రం చూశాను. దివ్య కూడా అటే చూసింది.

"అండీ!"

కండక్టరమ్మ టిక్కెట్ల మిషను మీంచి తలెత్తింది. "ఏంటమ్మా?"

"అండీ... ఒకతికి."

"అయ్యో తల్లీ! డ్రైవరు గారూ, బండి పక్కకి తీయండీ, పాపకి అర్జెంటు!" అంటూ తనే దివ్యని దింపి, రోడ్డు పక్క ఇంటావిణ్ణి కేకేసి లోపలికి తీసుకెళ్లింది.

"ఏమైందండీ?" అన్నాడు డ్రైవరు వెనక్కి తిరిగి నా మొహం చూసి.

"అడిగిందండీ! మా అమ్మాయే, తనంతట తనే అడిగింది!" అని బస్సంతా అదిరేలా అరిచాను. బాత్రూముకి బండి ఆపితే కళ్లనీళ్లు పెట్టుకునేవాణ్ణి ఆయన ఎక్కడా చూసుండడు.

హమ్మయ్య అనుకున్నాను, చాలా రోజుల తర్వాత మనస్ఫూర్తిగా. కష్టాలన్నీ తీరిపోయాయని కాదు. వారం వారం ఏలూరు వెళ్లాలి, రావాల్సిన మాటలు బోలెడున్నాయి. కానీ తర్వాతి సోమవారం బడిలో ఆయాని కూడా అడిగిందట. ఇప్పుడు సాయంత్రం బెల్లు దాకా అక్కడే ఉంటోంది. మీరూ పిల్లల్ని తీసుకుని ఇలా బయల్దేరితే ఒక్క సలహా: కిటికీ పక్క సీటు కోసం ఎగబడకండి, కండక్టరుకి దగ్గరగా కూర్చోండి. బిడ్డ మొదటి పిలుపు చాలా మెల్లగా వస్తుంది, వినపడాలి కదండీ.