యా సాతిర్ డాక్టరు

"యా సాతిర్!" అని కేకెయ్యకుండా డాక్టర్ షిహాతాకు ఎక్కడా అడుగు పెట్టడం చేతకాదు. మా సోహాగ్ ఊళ్ళో పరాయి ఇంటి గుమ్మం దగ్గర ప్రతి మగవాడూ వేసే కేకే అది; 'మరుగుపరిచి కాపాడే దేవుడా' అని అర్థం. లోపలి ఆడవాళ్ళు ముసుగు సర్దుకున్నాక వెళతాం. ఈయన మాత్రం రోగి మంచం చుట్టూ కట్టిన పరదా దగ్గరా కేకేసేవాడు, శవాల గది దగ్గరా కేకేసేవాడు. సూది వెయ్యడం నేర్పే ప్లాస్టిక్ బొమ్మకు కూడా కేకేసి, మర్యాదగా కాసేపు ఆగేవాడు.

"డాక్టర్ గారూ, బొమ్మ పలకదండీ," అన్నాడు మా బ్యాచ్‌లో మహా చురుకైన బహీజ్.

"ఆ సంగతి నీకు తెలుసు, నీ నోటికి తెలియదుగా! ఆ నోటికే అలవాటు చేయిస్తున్నా."

రోగుల దగ్గర ఎలా మెలగాలో మాకు నేర్పమని కాలేజీ ఆయన్ని పెట్టింది. పాఠమంతా ఆ రెండు మాటలే. క్యాంటీన్‌లో ఫూల్ అనే ఉడికిన చిక్కుడు గింజల గిన్నె మూత తీసేముందు మేం కూడా "యా సాతిర్!" అని అరిచి పడీపడీ నవ్వేవాళ్ళం.

ఒక ఉదయం ఆయన రాకముందే బహీజ్ వెళ్ళి హాజ్జా నబవియ్యా పరదా సర్రున లాగేశాడు. హజ్ యాత్ర చేసొచ్చిన పెద్దావిడ, షుగరుతో పాదం పుండుపడి చేరింది. తలకు నూనె రాసుకుంటోంది, ముసుగు ఒళ్ళో ఉంది. మేమంతా గుడ్లప్పగించాం.

"నేనింటికి పోతా! కాలు పోతే పోనీ!" అంటూ ఆవిడ పరదా మూసేసి మూట కట్టుకోసాగింది. పుండు ఆ రోజే శుభ్రం చెయ్యకపోతే పాదం దక్కదు. నర్సు బతిమాలింది, కొడుకు ఏడ్చాడు. ఊహూఁ!

డాక్టర్ షిహాతా వచ్చి పరదా బయట నిలబడ్డాడు.

"యా సాతిర్!"

మళ్ళీ కేకేసి, అక్కడే నేలమీద చతికిలబడ్డాడు. వార్డులో పనంతా ఆగిపోయింది.

"టైమవుతోంది, లోపలికి వెళ్ళిపోండి డాక్టర్ గారూ," అన్నాడు బహీజ్.

"పాదం ఆవిడది. గుమ్మమూ ఆవిడదే."

చాలాసేపటికి లోపలినుంచి గొంతు వినిపించింది. "ఇంకా ఉన్నావా?"

"ఉన్నా హాజ్జా. నడుం పట్టేసింది. పొమ్మంటే పోతా, రమ్మంటే వస్తా."

"ఆ పరదా లాగిన వెధవ?"

"ఇక్కడే నేల చూపులు చూస్తున్నాడు."

"చూడనీ." మూట విప్పుతున్న చప్పుడు. "రా నాయనా. మా ఇంట్లో అయితే టీ ఇచ్చేదాన్ని."

చెయ్యి కూడా వెయ్యకుండా, ఉత్తినే కూర్చుని ఒక మనిషి కాలు కాపాడాడు. అంత గొప్ప వైద్యం నేను మళ్ళీ చూడలేదు.

పాదం దక్కింది. ఇంటికెళ్ళే రోజు హాజ్జా తన కాళ్ళమీదే నడుచుకుంటూ ఆయన గదికి బయల్దేరింది, మేమంతా వెనకాల. తలుపుకు పరదా వేసి ఉంది. బహీజ్ అలవాటుగా చెయ్యి చాపాడు. ఆవిడ ఆ చేతిమీద ఒక్కటిచ్చి, మగగొంతు పెట్టి "యా సాతిర్!" అని అరిచింది.

లోపల ఏదో దభీమని పడింది.

"ఆగంది, ఆగంది! నా పల్లు ఎక్కద పెత్తానో!"

ఆయనవి పెట్టుడు పళ్ళని మాకెవరికీ తెలియదు. నవ్వాపుకోలేక నోళ్ళు నొక్కుకున్నాం. బహీజ్ మాత్రం బుద్ధిగా గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"తొందరేం లేదు డాక్టర్ గారూ," అన్నాడు. "మేం ఇక్కడే ఉంటాం."