పొగ వాసన పోని బదనిక

విజయనగరం కాలేజీల్లో ఒకదానికి చిన్న మ్యూజియం ఉండేది. పాముల సీసాలూ, పొట్టు కూరిన చిరుతపులీ దాటుకుని చివరి గదిలోకి వెళ్తే నరసింగరావు కనిపించేవాడు. ఎండిన మొక్కల్ని అట్టలకి కుట్టి, పేర్లు రాసి, పురుగు పట్టకుండా కాపాడటం అతని ఉద్యోగం. పాతపట్నం దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టినవాడు. అంత చదువూ చదివి కొడుకు ఈ పనిలో చేరాడని తల్లి తవిటమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది.

"గడ్డి ఎండెట్టడానికి ఇజీనారం ఎల్లాలేటిరా? మన కల్లంలో లేదేటి గడ్డి?" అనేది.

అతని పిచ్చంతా బదనికల మీదే. నేలతో పనిలేకుండా చెట్టు కొమ్మనో బండనో కరుచుకుని, గాలిలోకి వేళ్లు వేలాడేసుకుని బతికే మొక్కలు. ఏడాదంతా చూస్తే ఏముంటుంది, నాలుగు మొరటు ఆకులు. వానలు పడనీండి, అప్పుడు పూస్తుంది చూడండి పువ్వు! ఆ పువ్వు చూసినవాడు ఇంకెందుకూ పనికిరాడు. నరసింగరావు అలాగే పనికిరాకుండా పోయాడు.

ప్రతి శ్రావణంలోనూ పాతపట్నం దాకా బస్సు, అక్కణ్ణుంచి కొండల్లోకి నడక. సవరల గూడెంలో సోములు ఇంట్లో బస. సోములు చెట్టెక్కి మొక్క తీసేవాడు, ఇతను కింద నిలబడి "వేరు జాగ్రత్త, వేరు జాగ్రత్త" అని ప్రాణం తీసేవాడు. సోములు పెళ్లాం గున్నమ్మ ఇద్దరికీ జావ పోసి, ఇద్దర్నీ చూసి నవ్వుకునేది.

గూడెం పైన బండ మీదున్న బదనిక ఒకటి అతన్ని ఏళ్ల తరబడి ఏడిపించింది. ఆకులు చూశాడు గానీ పువ్వు చూడలేదు. పువ్వు చూడందే దానికి పేరు చెప్పలేరు. తెచ్చి ఇంట్లో పెంచితే విజయనగరం ఎండకి మాడి చచ్చింది. అది ఇంతవరకూ ఎవరూ రాసిపెట్టని మొక్కేమోనని అతని ఆశ. నవ్వుతారని ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

అరవై తొమ్మిదిలో శ్రావణం వచ్చేసరికి ఆ కొండల్లో తుపాకులు తిరుగుతున్నాయి. పైన ఉద్యమం వాళ్లు, కింద పోలీసు క్యాంపులు, మధ్యలో నలిగిపోతూ గూడేలు. బస్సు కండక్టరు టిక్కెట్టు చింపుతూ, "ఈయేడు కూడా పువ్వులకేనేటి బాబూ? బుర్ర పని సేస్తందా?" అన్నాడు. చుట్టూ ఒక్కరూ నవ్వలేదు.

కొండెక్కుతూంటే ఏదో తేడాగా అనిపించింది. గూడెం చేరాక గానీ అర్థం కాలేదు. ఏ కప్పులోంచీ పొగ రావడం లేదు. వానాకాలం ఆరకుండా ఉండే నెగళ్లన్నీ ఆర్పేసి ఉన్నాయి.

"పొగ అగుపడితే సాలు, పార్టీవోల్లకి వంటలొండుతున్నారని వొచ్చేస్తన్నారు బాబూ," అన్నాడు సోములు గొంతు తగ్గించి. "పక్క గూడెంలో ఇద్దర్ని లాక్కెల్లిపోనారు. మంచు దిగినప్పుడే పొయ్యెలిగిస్తన్నాం. నీ మొక్కలకని మంటెట్టకు. నీకు దండమెడతాను."

"అయ్యో, పెట్టన్లే సోములూ," అన్నాడు నరసింగరావు. మనస్ఫూర్తిగానే అన్నాడు పాపం.

మర్నాడు పొద్దున్నే సోములు సంతకి వెళ్లాడు. గున్నమ్మ చేలోకి వెళ్లింది. నరసింగరావు ఒక్కడూ బండ మీదకెక్కాడు. పూసింది! తెల్లటి పువ్వు, గొంతులో ఇటిక రంగు చుక్కలు. ఈ జన్మకిది చాలనుకున్నాడు.

బదనికతో చిక్కేమిటంటే, అది తొందరగా చావదు. కాగితాల మధ్య పెట్టి నొక్కినా లోపల్లోపలే బతికుండి చిగురేస్తుంది, ఈలోగా పువ్వు కుళ్లిపోతుంది. అందుకే మరిగే నీళ్లలో ముంచి చంపి, ఆనక సెగ మీద ఎండబెట్టాలి. ఆ ముసురులో కాగితాలన్నీ చెమ్మగిల్లాయి. పువ్వు అంచు నల్లబడటం అతని కళ్లకే కనిపిస్తోంది. మళ్లీ ఏడు వచ్చి కోసుకోవచ్చు కదా? అనుకోలేదు. మళ్లీ ఏడు ఈ కొండకి రానిస్తారో లేదో అనుకున్నాడు. ఇంకో నిమిషానికి బండ చాటున పచ్చి కర్రలు పేర్చి మంటేశాడు.

వాన తెరిపిచ్చిన వేళ అది. పొగ నిటారుగా లేచింది. గొడుగు తెరిచి పొగకి అడ్డం పట్టాడు, అదేం తెలివో! గొడుగు పక్కనుంచి పొగ లోయ మీదకి వెళ్లింది. ఒక్క గంటే కదా అనుకుంటూ నీళ్లు మరగబెట్టాడు. పువ్వు చక్కగా ఎండింది.

మధ్యాహ్నం పోలీసులు వచ్చేసరికి సోములు అప్పుడే సంత నుంచి తిరిగొచ్చాడు. గూడెమంతటికీ కలిపి తెచ్చిన ఉప్పు మూట భుజం మీదుంది.

"మంట నేను పెట్టానండీ! మొక్కల కోసం. ఇవిగో," అని నరసింగరావు కట్టలు విప్పి చూపించాడు. ఆఫీసరు వాటిని మర్యాదగానే చూశాడు.

"మంట తమరిదే, నమ్ముతాను. మరి ఇంత ఉప్పు ఎవరి వంటకి?" అన్నాడు.

ఉప్పు గూడేనికని సోములు చెప్పాడు, గూడెం చెప్పింది, నరసింగరావు ఒట్టేసి చెప్పాడు. ఎవరి మాటా చెవిని పెట్టలేదు. సోములు చేతులు వెనక్కి విరిచి కట్టారు. వాన మళ్లీ మొదలైంది. గున్నమ్మ చేలోంచి పరిగెత్తుకొచ్చేసరికి మొగుణ్ణి కొండ దారిన దించేస్తున్నారు.

సోములు తల తిప్పి కేకేశాడు. "బాబూ, మొక్కలు తడిసిపోతన్నాయి. లోపలెట్టుకో."

నరసింగరావు తిరగని క్యాంపు లేదు, పట్టుకోని కాలు లేదు. అలాంటి మనిషిని మేం తేలేదనే అన్నారు అందరూ. సోములు తిరిగి రాలేదు. ఆ బదనికని అట్టకి కుట్టాడు గానీ పేరు కోసం ఎక్కడికీ పంపలేదు. ఆ తర్వాత కొండకీ వెళ్లలేదు, మొక్కా కోయలేదు. ఇతరులు తెచ్చినవి కుడుతూ బతికాడు.

ఆ ఏడే వానలు వెలిశాక ఒకరోజు గున్నమ్మ వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ మ్యూజియానికొచ్చింది. చిరుతపులిని తప్పించుకుని చివరి గది గుమ్మంలో నిలబడింది.

"మా ఆడు పోనాడు కదా బాబూ. ఆ పువ్వేటో సూద్దామనొచ్చాను."

అతను బీరువా తీసి అట్ట ఆమె ముందు పెట్టాడు. తెల్ల పువ్వు టీ రంగుకి తిరిగింది. ఆమె వంగి వాసన చూసింది. పొగ వాసన ఇంకా పోలేదు.

"బాగా ఎండిందా బాబూ?" అనడిగింది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది.

"ఎండిందమ్మా," అన్నాడు నరసింగరావు. అని, బల్ల మీద తల పెట్టుకుని భోరుమన్నాడు.

ఆమె ఏడవలేదు. "పోన్లే. అదన్నా ఉన్నాది," అంది. బస్సు ఎల్లిపోతాదంటూ కొంగు సర్దుకుని బయల్దేరింది.