మొప్ప ఎరుపు కనిపించేంత వెలుతురు

మా అత్త పోయింది. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వంటింటి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. డెబ్బై నాలుగేళ్లు. కబురు తెలిసి వచ్చినవాళ్లు ఏడిచారు, నన్ను ఓదార్చారు. ఆపైన ఒకరి తర్వాత ఒకరు ఆ కిటికీ వంక చూసి గొంతు తగ్గించారు. "దక్షిణం గోడ పగలగొట్టారు కదా మరి" అనుకున్నారు. ఆ మాట నా చెవిన పడింది. అందుకే ఇది రాస్తున్నాను.

జాలరిపేటలో పుట్టి, నలభయ్యేళ్లు తట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ చేపలమ్మిన మనిషి ఆవిడ. మోకాళ్లు మొరాయించాక మల్కాపురంలో మా రెండో అంతస్తు ఫ్లాటుకి వచ్చేసింది. ఆ ఫ్లాటు గురించి ఏం చెప్పను! హాలు కిటికీ తెరిస్తే చెయ్యి చాపినంత దూరంలో పక్క బిల్డింగు గోడ. వంటింటికి దక్షిణాన రోడ్డూ ఆకాశమూ ఉన్నా, దక్షిణం తెరవకూడదని కట్టినవాళ్లు ఫ్యాను కన్నం తప్ప ఏమీ వదల్లేదు. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకునే కూర తరిగేదాన్ని. పెందుర్తిలో పొలాల మధ్య పెరిగినదాన్నే, అయినా ఆ చీకటికి అలవాటు పడిపోయాను. అత్త పడలేదు.

ఒకరోజు గుమ్మంలోకి వచ్చిన చేపల తట్టలోంచి కానాగడతలు తీసుకుంది. వంటింట్లో లైటు కింద మొప్ప ఎత్తి చూసి, ఎర్రగానే ఉన్నాయి, తాజావే అంది. పులుసు పెట్టాం. సాయంత్రానికి మా ఆయనకి ఒకటే వాంతులు. నలభయ్యేళ్లలో ఎవరింటికీ చెడిన చేప ఇవ్వని మనిషి సొంత కొడుక్కి పెట్టింది. మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. "నా కల్లు పోయాయే గుంటా. ఇంక నాను దేనికి పనికొత్తాను?" అంది. కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, చూపు శుభ్రంగా ఉందన్నాడు. అత్త ఆసుపత్రి మెట్ల మీద నిలబడి పకపకా నవ్వింది.

"ఒలే, గుడ్డిది నాను కాదే, మనిల్లు!"

మర్నాడే తాపీ మేస్త్రిని పిలిపించింది. ఇంజనీరు వచ్చి, బిల్డింగు బరువంతా స్తంభాల మీదే ఉంది, వంటింటి గోడలు తీసినా ఫరవాలేదన్నాడు. ఇక ఊరంతా మొదలుపెట్టింది. అపార్టుమెంటు అసోసియేషన్ పెద్దాయన పైకొచ్చి, దక్షిణం యముడి దిక్కన్నాడు. "యముడికి కిటికీయే కావాలేటి బాబూ? గుమ్మంలోంచి రాడేటి?" అంది. పక్కింటావిడ లారీల దుమ్మంతా ఇంట్లోకొస్తుందంది. "దుమ్ము తుడిత్తే పోతాది. సీకటి తుడిత్తే పోతాదేటి?" అంది అత్త.

మేస్త్రి వంటింటికీ హాలుకీ మధ్య గోడని నడుమెత్తుకి దించాడు. దక్షిణం గోడలో రెండడుగుల కిటికీ పెట్టి, పనైపోయిందన్నాడు. అత్త లైటు ఆర్పేసి గట్టు మీద ఒక చేప పెట్టింది.

"మొప్ప ఏ రంగో సెప్పు."

మేస్త్రి వంగి చూసి "ఎర్రగుందమ్మా" అన్నాడు. అత్త చేపని తోక పట్టుకుని ఆ మోకాళ్లతోనే మేడ మీదికి ఎక్కింది. వెనకాల మేమిద్దరం. ఎండలో చూస్తే మొప్ప గోధుమరంగులో ఉంది.

"నిన్నటి సేప ఇది. కావాలనే తెప్పించాను. నువ్వూ నమ్మీసేవ్, సూసావా? కిటికీ పెంచు."

కిటికీ అయిదడుగులైంది. ఆ పూట మా హాలు నేల మీద మొదటిసారి ఎండ పడింది. బియ్యం చేట పట్టుకుని ఆ ఎండలో కూర్చున్నాను, ఏరడం అయిపోయినా లేవబుద్ధి కాలేదు. ఆ తర్వాత ఆరేళ్లు అత్త రోజూ పొద్దున్నే తడిగుడ్డతో ఊచల మీది నల్లదుమ్ము తుడిచి, తలుపు దగ్గరికొచ్చిన చేపని ఆ వెలుగులో చూసి, అయితే ఒప్పుకునేది, లేకపోతే తిప్పి పంపేది. ఆ కిటికీ ఆవిడని తీసుకుపోయిందంటే నేను ఒప్పుకోను. ఆరేళ్లు బతికించింది.

పెద్దకార్యం అయిన మర్నాడు అత్త తమ్ముడు, ఇప్పుడు ఇంటికి పెద్ద, "ముందు ఆ కిటికీ మూయించండి, ఇంకోలు పోకముందే" అన్నాడు. మా ఆయన "పోనీ మూసీద్దామా?" అని నా వంక చూశాడు. అప్పటికే మేస్త్రికి కబురెళ్లింది. ఇటుకల గోనెతో గుమ్మంలో నిలబడ్డాడు.

అత్తింటి పెద్దల ముందు నేనెప్పుడూ నోరెత్తలేదు. లేచి వంటింట్లో లైటు ఆర్పాను. భోజనాలకి తెచ్చిన చేపల్లో ఒకటి గట్టు మీద పెట్టి మొప్ప ఎత్తాను.

"సిన్నాన్నా, మీరు సముద్రం మీద పెరిగినోరు. ఇది ఏ రంగో సెప్పండి."

"ఎర్రగుంది. తాజా సేప."

"కిటికీ మూసీసినాక మీకు ఏ సేప వొండి పెడతానో నాకే తెల్దు. అప్పుడు తింటారేటి?"

ఆయన మేస్త్రికి వెళ్లిపొమ్మని చెయ్యి ఊపాడు. తర్వాత కాళ్లు కడుక్కొచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. మేస్త్రి ఇటుకలు మళ్లీ భుజానికెత్తుకుని "ఎల్తన్నానమ్మా" అని మెట్లు దిగాడు.

కిటికీ తెరిచే ఉంది. ఆఖరి పొద్దున ఊచలు తుడిచి అత్త ఆరేసిన గుడ్డ అక్కడే ఉంది. ఉతకలేదు. రోజూ తుడిచాక నా గుడ్డ దాని పక్కనే ఆరేస్తున్నాను. రెండూ నల్లగా ఉన్నాయి, రెండింటి మీదా ఎండ పడుతోంది.