చెనిక్కాయల కుప్ప మీద కోడి

పుంగనూరు పక్క లెక్కల అయ్యోర్లు ఇప్పుడు నన్ను పేరు పెట్టి పిలవడం మానేసినారప్పా. ఇంకో పేరు పెట్టినారు. అదేందో చివర్లో చెప్తా. ముందు టీ తాగతా నా ఏడుపు వినండి. నవ్వొస్తే నవ్వేయండి, నాకు అలవాటైపోయింది.

ఇదంతా నా గొంతుతో మొదలైంది. మదనపల్లె నుంచి పుంగనూరుకు బస్సు, ఆడ్నించి చౌడేపల్లె పక్క మా బడికి ఆటో. ఇరవై రెండేండ్లుగా లెక్కలు చెప్తాండా. చెప్తాండా అంటే అరుస్తాండా అని. వెనక బెంచీకి వినపడాలంటే అరవాల్సిందే కదా. పోయిన చలికాలం ఒక పొద్దు క్లాసులో మాట మధ్యలోనే ఆగిపోయింది. నోరు ఆడతాండాది, శబ్దం లేదు. పిలకాయలు నేనేదో యాక్షన్ చేస్తాండానని చప్పట్లు కొట్టినారు.

మదనపల్లెలో డాక్టరు గొట్టం పెట్టి చూసి, "లోపల కాయలు కాసినాయి సార్. రెండు నెలలు రోజుకు అర్ధగంట మించి మాట్లాడొద్దు. మాట్లాడితే ఆపరేషనే" అన్నాడు. మా ఆవిడ పక్కనే ఉండింది. "రెండు నెలలా డాక్టర్?" అని అడిగింది. పాపం, బాధతో అడిగిందనుకున్నా. ఇంటికి పోయి వాళ్ళక్కకు ఫోన్లో చెప్తాంటే విన్నాక తెలిసింది, అది బాధ కాదని.

నాకు దిగులల్లా పదో తరగతి గురించే. ముప్పై ఒక్కమంది పిలకాయలు. అందులో భార్గవి అని ఒక బిడ్డ ఉండాది. వాళ్ళ నాయిన ఆవులు మేపతాడు, వాళ్ళమ్మ పొద్దున్నే పాలు పిండి కేంద్రానికి పోసొస్తాది. ఈ బిడ్డ ఆ పాలక్యాను మోసుకుంటానే ఎక్కాలు నేర్చుకునింది. లెక్క ఇస్తే నాకంటే ముందు చేసి పెన్ను కింద పెట్టేస్తాది. కుప్పం దగ్గర గుడుపల్లె దోవలో ఒక ఉచిత హాస్టల్ కాలేజీ ఉండాది. పల్లె బడుల పిలకాయలకు ఇంటరు చదివిస్తారు. పదో తరగతి ప్రీఫైనల్లో లెక్కల మార్కులు చూసి ఎంచుకుంటారు. మా పక్క బడులన్నిటికీ కలిపి రెండే సీట్లు. అది రాకపోతే ఆ బిడ్డను ఇంటర్‌కు పంపే స్తోమత వాళ్ళకు లేదు. వాళ్ళ నాయినే నాతో చెప్పినాడు, "ఆ సీటొస్తే చదువు సార్, రాకపోతే ఆవులు" అని.

అందుకని లీవు పెట్టబుద్ధి కాలేదు. మా క్లాసులో గోడకు పెద్ద టీవీ ఉండాది. అది బిగించినప్పటి నుంచి దాని మూలకు నా గొడుగు తగిలిస్తాంటి, అంతకుమించి వాడింది లేదు. అప్పుడు తోచింది నాకు. ఆదివారం పూట నాకుండే అర్ధగంటలో పాఠం వీడియో తీసేద్దాం, సోమవారం నోరు మూసుకోని టీవీలో వేసేద్దాం అని. బ్రహ్మాండమైన ఐడియా అనుకున్నా. ట్రైనింగుల్లో దృశ్య శ్రవణ పరికరాలు వాడండి, వాడండి అని మొత్తుకుంటాంటే వెనక కూర్చోని కునుకు తీసినోడ్ని, ఒక్కసారిగా వాళ్ళ మీద గౌరవం పుట్టుకొచ్చింది.

పాఠం శంకువు. దాని ఘనపరిమాణం, అంటే లోపల ఎంత పడతాదో కనుక్కోవడం. బోర్డు మీద బొమ్మ గీసేదానికన్నా నిజమైన శంకువు చూపిద్దామని మా అత్తగారి ఊరికి పోయినా. అప్పుడే చెనిక్కాయలు, అదే వేరుశనక్కాయలు, కొట్టి ఇంటిముందర కుప్ప పోసి ఉండారు. చూస్తే అచ్చం శంకువే. ఫోన్ పట్టుకునేదానికి మా ఆవిడ. టేపు పట్టుకునేదానికి నా బామ్మర్ది రెడ్డెప్ప. రెడ్డెప్పకు లుంగీ మార్చుకోరా అంటే, "పాఠం కుప్పది కదా బావా, నాది కాదు కదా" అని అదే లుంగీతో నిలబడినాడు.

కుప్ప అడుగున వ్యాసార్థం కొలిచినాం, నాలుగు అడుగులు. ఇంక ఎత్తు. ఈడే నా కొంప మునిగింది. శంకువు ఎత్తు అంటే నేల నుంచి మొన దాకా లోపల నిట్టనిలువుగా ఉండేది. బయట వాలు మీద కొలిచేది వేరే, దాన్ని ఏటవాలు ఎత్తు అంటాం. అది ఎప్పుడూ జాస్తి ఉంటాది. ఈ తేడా ఇరవై రెండేండ్లుగా గొంతు చించుకోని చెప్తాండేది నేనే. ఈ గొంతు పోయింది కూడా సగం ఆ తేడా చెప్పి చెప్పే.

రెడ్డెప్ప, "కుప్ప లోపలికి టేపు యాడ పోతాది బావా, పైనే పెడతాండా" అని వాలు మీద టేపు పరిచి "ఐదు అడుగులు" అని కేకేసినాడు. అప్పటికే నా అర్ధగంటలో ఇరవై ఐదు నిమిషాలు అయిపోయినాయి. గొంతు మండతాండాది. ఆ తొందరలో పలక మీద ఎత్తు ఐదు అని రాసి, సూత్రంలో వేసి, గుణించి, జవాబు చెప్పేసినా. సరిగ్గా అప్పుడే ఇంట్లో కోడి ఒకటి కుప్ప మొన మీదికెక్కి నిలబడి కెమెరా దిక్కు చూసింది. రెడ్డెప్ప ఉష్ ఉష్ అని లుంగీ ఎగ్గట్టినాడు. మా ఆవిడ నవ్వతానే తీసింది. మళ్ళీ తీసే ఓపిక నాకు లేదు. ఉండనీలే, పిలకాయలు నవ్వుకుంటారు అనుకున్నా.

నవ్వుకున్నారప్పా. సోమవారం టీవీలో వేస్తే క్లాసు క్లాసంతా కన్నార్పలా. ఇరవై రెండేండ్ల సర్వీసులో నా పాఠానికి "వన్స్‌మోర్" అనింది అదే మొదటిసారి. నాలుగుసార్లు వేసినా. చివరికి నా మాటలు వాళ్ళే వల్లె వేస్తాండారు. వీడియోను క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టమంటే పెట్టినా. ఇండ్లకాడ కూడా చూసినారంట. ఒకడు లేచి, "సార్, పరీక్షలో బొమ్మ గీసేటప్పుడు కోడిని కూడా గీయాల్నా?" అని అడిగినాడు. తమాషాకు అడుగుతాండాడనుకోని నవ్వతా తలూపినా. మాట్లాడగలిగుంటే వద్దురా అనుందును.

భార్గవి కూడా చెయ్యెత్తింది. "సార్, మనకు కావాల్సింది లోపలి ఎత్తు కదా? ఆ మామ టేపు బయట పెట్టినాడు" అనింది.

అంత స్పష్టంగా అడిగిందప్పా ఆ బిడ్డ. నేనేం చేసినా? ఆ పొద్దు అర్ధగంట పొద్దున్నే బస్సులో కండక్టరుతో చిల్లర కాడ ఖర్చయిపోయింది. పిల్ల వీడియో సరిగ్గా చూళ్ళేదులే అనుకోని టీవీ దిక్కు వేలు చూపించి, మళ్ళీ చూడు అని సైగ చేసినా. మళ్ళీ చూసింది. నా దిక్కు కూడా ఒకసారి చూసింది. కూర్చునింది.

ప్రీఫైనల్ అయిపోయింది. ఈసారి మా బడి పేపర్లు పుంగనూరులో వేరే బడుల అయ్యోర్లు దిద్దినారు. మూడో రోజు మా హెడ్మాస్టరు నన్ను రూములోకి పిలిచినాడు. మెత్తని మనిషి, ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. ముఖం పాలిపోయి ఉండాది. "పుంగనూరు నుంచి ఫోనొచ్చింది సార్. మన పిలకాయలు మూకుమ్మడిగా కాపీ కొట్టినారంట. ముప్పై ఒక్క పేపర్లు పక్కన పెట్టేసినారంట. లెక్కలోకి తీసుకోరంట" అన్నాడు. నాకు ముందు భార్గవి గుర్తొచ్చింది. పేపరు లెక్కలోకి రాకపోతే కుప్పం సీటు లేదు. నా బడి పిలకాయలు కాపీ కొట్టరని కోపంతో ఊగిపోతా ఆటో ఎక్కినా. దోవ పొడుగూతా ఏం అడగాల్నో, ఎట్ల కడిగేయాల్నో మనసులోనే రిహార్సల్ చేసుకున్నా. అర్ధగంట మొత్తం దానికే దాచిపెట్టుకున్నా.

ఆడ ఒక గదిలో పదిహేనుమంది అయ్యోర్లు కూర్చోని దిద్దతాండారు. మా పేపర్లు దిద్దిన మేడం చాలా స్ట్రిక్టు. నేను నోరు తెరిచేలోపే ముప్పై ఒక్క పేపర్లు టేబుల్ మీద పరిచింది. ప్రశ్న ఏందంటే, ధాన్యం కుప్ప శంకువు ఆకారంలో ఉండాది, వ్యాసార్థం పన్నెండు, ఏటవాలు ఎత్తు పదమూడు, ఘనపరిమాణం ఎంత అని. ఎనిమిది మార్కులు. ముందు లోపలి ఎత్తు కనుక్కోవాల. అది ఐదొస్తాది. మా ముప్పై ఒక్కమందీ ఎత్తు పదమూడు అని వేసేసినారు. ముప్పై ఒక్కమందీ బొమ్మ గీసినారు. ముప్పై ఒక్క కుప్పల మీదా కోడి ఉండాది. ఒకడు రెండు కోళ్ళు గీసినాడు. ఇంకొకడు పక్కన లుంగీ ఎగ్గట్టిన మనిషిని కూడా గీసినాడు, మీసం అచ్చం రెడ్డెప్పదే.

"ఒకే తప్పు, ఒకే కోడి. ఇంకేం చెప్తారు సార్? ఎవరి పేపరు చూసి రాసినారు వీళ్ళంతా?" అనింది మేడం.

అంతసేపూ ఊగిన కోపం యాడికి పోయిందో తెలియదు. రెడ్డెప్ప "ఐదు అడుగులు" అన్న కేక చెవుల్లో వినిపించింది. వాలు మీద పరిచిన టేపు కండ్లముందర కనిపించింది. భార్గవి అడిగిన మాట కూడా. "ఎవరి పేపరూ చూళ్ళేదు మేడం. నన్ను చూసి రాసినారు" అన్నా.

నమ్మలా. సాక్ష్యం చూపించమన్నారు. ఆ గదిలో కూడా ఒక పెద్ద టీవీ ఉండాది, నా ఖర్మకు అది బాగా పని చేస్తాండాది. నా ఫోన్లో వీడియో పెట్టి దానికి తగిలించినారు. పదిహేనుమంది లెక్కల అయ్యోర్ల ముందర, గోడంత సైజులో, నేను ఏటవాలు ఎత్తును ఎత్తని చెప్తాండా. పలక మీద ఐదు అని రాస్తాంటే వెనక నుంచి ఎవరో "అయ్యయ్యో" అన్నారు. కోడి ఎక్కేసరికి గదంతా ఘొల్లుమనింది. ఆ మేడం కూడా కండ్లు తుడుచుకుంటా నవ్వింది. ఇంకోసారి వేయండి అన్నారు. వేసినారు. ఒకాయన తన ఫోనుకు పంపించుకున్నాడు. నేనొక్కడ్నే ఆడ నిలబడి నేల చూస్తాండా.

నవ్వు ఆగినాక మేడం మర్యాదగానే చెప్పింది. "పిలకాయల తప్పేం లేదు సార్. కాపీ అని రాయను, పేపర్లు లెక్కలోకి తీసుకుంటాం. కానీ తప్పు జవాబుకు మార్కులు వేయలేం. బొమ్మకు ఒకటి వేస్తా. కోడికి వేయను."

భార్గవి పేపరు ఏదని వెతికినా. మిగతా లెక్కలన్నీ రైటు. ఈ లెక్క కాడ ముందు వేరే ఏదో రాసి అడ్డంగా ఒక గీత కొట్టేసి ఉండాది. కండ్లద్దాలు పెట్టుకోని చూసినా. లోపలి ఎత్తు ఐదు అని కనుక్కోని, సూత్రంలో వేసి, సరైన జవాబు దాకా పోయింది. దాన్ని కొట్టేసి, కింద పదమూడు వేసి నా లెక్క రాసింది. కోడిని కూడా గీసింది, చాలా చిన్నగా, ఇష్టం లేనట్టు. మేడం, ఇది చూడండి, ఈ బిడ్డకు తెలుసు అని బతిమాలినా. "కొట్టేసింది కొట్టేసినట్లే సార్. మీరైనా అంతే చేస్తారు కదా" అనింది. నిజమే, నేనూ అంతే చేస్తా. ఎంతమందికి అట్ల చేసినానో.

ఏడు మార్కులు పోయినాయి. కుప్పం లిస్టు వచ్చింది. రెండు సీట్లలో మా భార్గవి పేరు లేదు. కింద వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు. ఆ రెండో సీటు వచ్చిన బిడ్డకూ దీనికీ తేడా మూడు మార్కులు.

బడిలో వరండాలో కూర్చోని ఉంటే పోయి పక్కన కూర్చున్నా. "తప్పు నాదమ్మా. నీకు తెలిసి కూడా యాల కొట్టేసినావు?" అని అడిగినా.

"అందరూ మీరు చెప్పినట్లే రాస్తారు కదా సార్. నేనొక్కదాన్నే వేరేగా రాస్తే మీరు తప్పు చెప్పినారని బయటపడిపోతాది" అనింది.

"మరి ఆ పొద్దే గట్టిగా ఇంకోసారి అడగాల్సింది కదమ్మా."

"అడిగితే మీరు మాట్లాడాల్సి వస్తాది కదా సార్. గొంతుకు ఆపరేషన్ అంటాండ్రి" అనింది.

డాక్టరు ఇచ్చిన రెండు నెలలు అప్పటికే అయిపోయినాయి. గొంతు బాగానే ఉండాది. అయినా తలొక్కటే ఊపినా. ఆ బిడ్డే లేచి, "ఆవులకు టైమైంది సార్" అని ఇంటికి పోయింది.

వీడియో ఆ గదితో ఆగలా. పుంగనూరు అయ్యోర్ల గ్రూపులో మొదలై జిల్లా అంతా తిరిగింది. పోయిన నెల ట్రైనింగులో, వీడియో పాఠాల్లో ఎట్లాంటి తప్పులు చేయకూడదో చూపించేదానికి దాన్నే వేసినారంట. రెడ్డెప్ప మాత్రం సంతోషంగా ఉండాడు, సంతలో జనం గుర్తు పడతాండారని.

నాకు ఇప్పుడు మాట్లాడే టైముకు లెక్క లేదు. ఆ గొంతునంతా ఒకే పనికి వాడతాండా. రోజూ పదకొండు గంటలకు కుప్పం కాలేజీ ఆఫీసుకు ఫోన్ చేసి, సీటొచ్చిన బిడ్డల్లో ఎవరన్నా రాలేమన్నారా అప్పా అని అడుగుతాండా. ఇంకొకరి బిడ్డ చేరకూడదని దేవుడికి మొక్కుకునే అయ్యోరిని అయిపోయినా, ఇంతకంటే ఇంకేం దిగజారాల. కాలేజీలో చేరేదానికి ఇంకా పది రోజులు గడువుండాది. నేనెవరో, ఏ బడో ఆ క్లర్కుకు ఒక్కసారి కూడా చెప్పలా, సిగ్గేసి. ఈ పొద్దు ఫోన్ చేసి ఇట్ల హలో అన్నానో లేదో, ఆయన గొంతు గుర్తుపట్టేసి, "ఇంకా ఎవురూ మానుకోలేదు కోడి సార్, రేపు చేయండి" అని పెట్టేసినాడు.