మా నాయన ఒకే ఒక్క డైలాగు

మా నాయన కొండమీద గుళ్లో పనిచేసి రిటైరయినాడు. పనేమంటే, దేవుడి ముందర కండ్లు మూసుకుని నిలబడిపోయిన జనాన్ని భుజం పట్టి "జరగండి, జరగండి" అని ముందుకు పంపడం. అయినా తాను పుట్టింది నటించడానికేనని ఆయన నమ్మకం. అద్దం ఎన్నిసార్లు కాదన్నా వినలేదు.

ఆమధ్య ఒక సినిమావాళ్లు తిరుపతికి వచ్చినారు. తమ రాతేమిటో తెలుసుకోవాలని పాత వ్యానెక్కి ఊరూరా తిరిగే తిక్క కుటుంబం కథ. అందులో సాధువు వేషానికి మా నాయన గడ్డం నచ్చిందంట. ఉన్నది ఒకటే డైలాగు: "నీ రాత నీ చేతిలోనే ఉండాది నాయనా."

"ప్రతి ఆటో ఎనకాలా రాసుండేదే కదా ఇది, దీనికి సాధువెందుకు?" అన్నాను.

"నీకు కళ తెలీదు పాపా," అన్నాడు. ఇంక స్నానాల గదిలో అదే, కూరగాయల అంగట్లో అదే. పాలు పోసే ఆమె కూడా నేర్చేసుకునింది.

షూటింగుకు నేనే తోడుపోయినాను. కాషాయం కట్టి వేపచెట్టు కింద నిలబడితే, అబద్ధమెందుకు, బాగున్నాడు. హీరో కుటుంబమంతా వరసగా వచ్చింది. ముందర హీరో. "సామీ, నా రాత యాడుండాది?" అని చేతులు జోడించి, కండ్లు మూసుకుని, ఆవేశం పండాలని అట్లే నిలబడిపోయినాడు.

నిలబడిపోతే ఎట్ల? వెనక వరస ఉంది కదా!

మా నాయన చెయ్యి దానంతటదే లేచి హీరో భుజమ్మీద పడింది. "జరగండి సామీ, జరగండి! ఎనకోళ్లు రావల్ల!" ఒక్క తోపు. హీరో కెమెరా దాటిపోయినాడు. ఆ వెనకే ఆయన తల్లి, తండ్రి, మేనత్త.

డైరెక్టరు నవ్వలేదు, తిట్టలేదు. "చాలు పెద్దాయనా," అన్నాడు. "ఇంకోసారి చేస్తానప్పా" అని మా నాయన బతిమాలుతుండగానే లైట్లు సర్దేసినారు.

సినిమా విడుదలయ్యేదాకా మా ఇల్లు సావింటి మాదిరే. వీధంతా చెప్పుకున్నాడు మరి. తీరా ఆ రోజు "నా ముక్క కోసేసుంటారు, నేను రాను" అని మంచమెక్కినాడు.

"ఇంట్లో ఇన్నేండ్లు నన్ను జరగమంటివే, ఆ పిలగాడొకడు జరిగితే ఇంత ఏడుపా?" అనింది మా అమ్మ.

"కోసుంటే ఆ డైరెక్టరు సంగతి నేను చూస్తాలే" అని చెయ్యి పట్టి లాక్కుపోయినాను. వెనకాల వీధి వీధంతా.

ఇంటర్వెల్ దాటింది. సాధువు లేడు. మా నాయన కుర్చీలో కుంగిపోతా ఉన్నాడు. ఇంక అయిపోయిందనుకుంటుంటే, వేపచెట్టు! "సామీ, నా రాత యాడుండాది?"

"జరగండి సామీ, జరగండి!"

హాలంతా ఒకటే ఈలలు, పేపరు ముక్కలు. తిరుపతిలో ఆ మాట విననోడెవడు! సినిమా పొడుగునా రాతను వెతికిన కుటుంబం ఆ ఒక్క తోపుకు నవ్వుకుంటా వ్యానెక్కి ఇంటిదోవ పట్టింది. అదే క్లైమాక్సు.

బయటికొచ్చే వాకిట్లోనే నిలబడి, దొరికినోళ్లందరితో వాదిస్తున్నాను: ఆ తోపు కథ రాసినోడిది కాదు, మా నాయనది, పేరు పెద్దక్షరాల్లో వేయాల్సింది అని. నా భుజమ్మీద ఒక చెయ్యి పడింది.

"జరుగు పాపా, జరుగు. ఎనకోళ్లు రావల్ల."

నా బతుకులో ఎదురుచెప్పకుండా జరిగింది అదొక్కసారే.