ఎనిమిదో సంతకం

మా టీసీ మేడం పోయారు. సోమవారం పొద్దున కంపెనీ బస్సులో డ్యూటీకి పోతుంటే మా డిగ్రీ బ్యాచి వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది. పంపినవాళ్లు ఆవిడ అసలు పేరు రాసేసరికి, ఎవరీమె అని ఇద్దరు అడిగారు. నాకూ ఒక నిమిషం అర్థం కాలేదు. మూడేళ్లు ఆ కిటికీ ముందు నిలబడ్డాం గానీ మాకెప్పుడూ ఆవిడ టీసీ మేడమే. పేరు అడగాలన్న బుద్ధి ఒక్కరికీ పుట్టలేదు. అది మా తప్పే, ఒప్పుకుంటున్నాను.

సంగారెడ్డి దగ్గర మేం చదివిన డిగ్రీ కాలేజీ ఆఫీసులో ఆవిడ సీనియర్ అసిస్టెంటు. పాఠాలు చెప్పిన మనిషి కాదు. అడ్మిషన్ ఫారాలు తీసుకోవడం, బోనఫైడ్లు ఇవ్వడం, చదువు మానేస్తామని వచ్చినవాళ్లకు టీసీ రాసివ్వడం, ఇదీ ఆవిడ పని. మొదటి రెండూ చకచకా అయిపోయేవి. మూడోదాని దగ్గర మాత్రం అంత నిదానమైన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఒకరోజు స్టాంపు ప్యాడు ఎండిపోయేది. ఇంకోరోజు ప్రిన్సిపాల్ సార్ మీటింగుకు పోయేవారు. ఆ సార్ పక్క గదిలో కూర్చుని టీ తాగుతూ మనకు కనపడుతున్నా సరే, మీటింగుకు పోయినట్టే లెక్క.

మా వైపు సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. పటాన్‌చెరు దాటితే రోడ్డు పొడుగునా కంపెనీలే. డిగ్రీలో చేరడం ఇక్కడ పెద్ద కష్టం కాదు, ఆన్‌లైన్‌లో పెట్టుకుంటే సీటు వస్తుంది. కష్టమంతా చేరిన తర్వాతే. కాలేజీకి వచ్చే దారిలోనే మనుషులు కావాలని గేట్లకు బోర్డులు వేలాడుతుంటాయి. ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చి నాలుగు రోజులు పనికి పోకపోతే చాలు, ఆ బోర్డులు పెద్దక్షరాల్లో కనపడతాయి. ఫస్టియర్‌లో బెంచీకి నలుగురం ఇరుక్కుని కూర్చున్నాం. సెకండియర్ సగానికి వచ్చేసరికి ఇద్దరమే మిగిలాం, బ్యాగులు కూడా బెంచీ మీదే పెట్టుకున్నాం.

ఏటా కాలేజీ గేటుకు సీట్లన్నీ నిండాయని ఫ్లెక్సీ కట్టేవారు. దాని కింద నుంచి వస్తూ మేడం ముక్కు మీద కళ్లద్దాలు సర్దుకుని నవ్వేవారు. "చేరినోళ్లు ఎందరని అందరు అడుగుతరు. పాసై పోయినోళ్లు ఎందరని ఎవలన్న అడుగుతరేమో అని సూస్తున్న" అనేవారు. ఆవిడ సొరుగులో ఒక పొడుగు నోటుబుక్కు ఉండేది. చేరిన ప్రతి పిల్ల పేరూ, పిల్లాడి పేరూ అందులో ఉండేవి. మానేసినవాళ్ల పేర్లు కొట్టేసేవారు కాదు. పక్కన ఇప్పుడు ఏ కంపెనీలో, ఏ షిఫ్టులో ఉన్నారో రాసుకునేవారు. అలా తిరిగొచ్చి పరీక్ష రాసినవాళ్లున్నారు, పరీక్షల ముందు మేడమే వాళ్లకు కబురు పెట్టేవారు.

ఇక ఆ ఎనిమిదో సంతకం సంగతి. టీసీ కావాలంటే ముందు కాలేజీకి బాకీలేమీ లేవని నో డ్యూస్ ఫారం నింపాలి. లైబ్రరీ, ల్యాబ్, ఆటల సార్, ఇట్లా ఏడుగురు సంతకం పెట్టాలి. అచ్చులో ఉన్నవి ఆ ఏడు గీతలే. మేడం స్కేలు పెట్టి వాటి కింద ఇంకో గీత గీసి, పక్కన తన గుండ్రటి అక్షరాలతో "పక్కన కూర్చునేవారు" అని రాసి ఇచ్చేవారు. క్లాసులో మన పక్కన కూర్చునేవాళ్లు, మనం పోతున్నామని తెలిసి సంతకం పెట్టాలన్నమాట. లెక్చరర్లు మారుమాట్లాడకుండా పెట్టేవారు. పక్కవాళ్లే పెట్టేవారు కాదు. ఎందుకు, ఏమైంది, మీ ఇంటికి నేనొచ్చి మాట్లాడనా అని పట్టుకునేవారు. సగం మంది ఆ గీత దగ్గరే ఆగిపోయేవారు.

ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దసార్ ఆ ఫారం చూసి, ఇది ఏ రూల్ ప్రకారం పెట్టారని గట్టిగా అడిగారట. "రూల్ లేదు సార్, గీతనే ఉంది" అన్నారట మేడం. ఆయన ఫారం తిప్పి పెట్టేశారట. అయితే ఆవిడ పద్ధతి కూడా ఒకసారి బోర్లాపడింది. మా సీనియర్లు ఇద్దరు ఒకే బెంచీవాళ్లు, ఒకే కంపెనీలో పని చూసుకుని, నీది నేను నాది నువ్వు అని సంతకాలు పెట్టేసుకుని దర్జాగా టీసీలు పట్టుకుపోయారు. ఆ కథ ఆవిడే మాకు చెప్పి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేవారు. నవ్వాక మాత్రం నోటుబుక్కు తీసి ఆ ఇద్దరి పేర్లు మళ్లీ ఒకసారి చూసుకునేవారు.

నా వంతు సెకండియర్‌లో వచ్చింది. మాది భానూర్. మా నాయిన ఒక గోదాములో లోడింగ్ పనికి పోయేవాడు. నడుం పట్టేసి మంచాన పడ్డాడు. పాశమైలారంలో మందుల కంపెనీ ప్యాకింగ్‌లో పని ఉందని కాంట్రాక్టరు చెప్పాడు గానీ, ఇంటర్ మెమో ఒరిజినల్ తెచ్చి తన చేతిలో పెట్టాలన్నాడు. అది కాలేజీలో ఉంది. టీసీ తీసుకుంటే గానీ ఇవ్వరు. ఒరిజినల్ లేకపోతే పని లేదు, పని లేకపోతే ఇల్లు గడవదు. అంతకుమించి ఆలోచించే ఓపిక నాకు లేదు.

ఏడు సంతకాలూ ఒక్క పూటలో అయిపోయాయి. నా పక్కన కూర్చునేది కిష్టారెడ్డిపేట అమ్మాయి. మొదటి రోజు నుంచీ ఆడపిల్లల వరసలో ఒకే బెంచీ, ల్యాబ్‌లో ఇద్దరికీ ఒకే బ్యూరెట్. ఆమె ముఖం చూసి పోతున్నానని చెప్పలేకపోయాను. లైబ్రరీ వెనక నిలబడి ఆమె సంతకం నేనే పెట్టేశాను.

మేడం ఫారం తీసుకుని పై నుంచి కిందికి ఒక్కొక్కటే చూశారు. చివరి దాని దగ్గర ఆగారు. అడ్మిషన్ రోజు నుంచి మా అందరి సంతకాలు ఆవిడ కళ్ల ముందు ఉన్నవే. ఆ సంగతి నాకు తట్టలేదు.

"ఏడు అసలువి, ఒకటి నకిలీది. నాకు కావల్సింది గా ఒక్కటే బిడ్డా" అన్నారు.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆవిడ కేకలేయలేదు, ఎవరికీ చెప్పలేదు. ఫారం మడిచి సొరుగులో పెట్టి, పోయి ఆ పిల్లను అడుగు, ఆమె పెడితే ఇప్పుడే టీసీ రాసిస్తానన్నారు.

ల్యాబ్‌కు పోయి నా స్నేహితురాలికి అంతా చెప్పాను. దొంగసంతకం పెట్టిన సంగతి కూడా. ఆమె చేతిలో ఉన్న ఫ్లాస్కు కింద పెట్టింది. "మీ నాయిన పండుకున్నడని నాకెందుకు చెప్పలే?" అంది. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆఫీసుకు లాక్కుపోయి, కాంట్రాక్టరు ఒరిజినల్ అడిగిన సంగతి మేడంతో చెప్పింది. అప్పటిదాకా ఆ ముక్క నేను మేడంకు చెప్పనేలేదు. ఇంటి కష్టం కిటికీ ముందు నిలబడి ఎట్లా చెప్పుకోవాలని సిగ్గుపడ్డాను.

మేడం అప్పటికప్పుడు కంపెనీ ఆఫీసుకే ఫోన్ చేశారు. సంతకం చేసిన జిరాక్స్ సరిపోతుందని వాళ్లన్నారు. మనుషులు మధ్యలో పని వదిలిపోకుండా కాంట్రాక్టరు తన కోసం ఒరిజినల్స్ పట్టి పెట్టుకుంటున్నాడని అప్పుడు తెలిసింది. ఆ రోజు ప్రిన్సిపాల్ సార్ మీటింగులో లేరు. రెండు నిమిషాల్లో జిరాక్సుల మీద సంతకాలు పడ్డాయి.

టీసీ అవసరం పోయింది. పొద్దున కాలేజీ, రెండు గంటల నుంచి కంపెనీ, ఏడాదిన్నర అట్లా గడిచింది. మధ్యాహ్నం ఉండే మా బ్యాచి ప్రాక్టికల్స్ పొద్దుటికి మారాయి. ఎవరు మార్చారో బోర్డు మీద రాయలేదు, మాకు మాత్రం తెలుసు. క్లాసులో నిద్రపోతే పక్కనున్న పిల్ల గిల్లి లేపేది. ఆఫీసు ముందు నుంచి పోతుంటే మేడం పిలిచి దోసిట్లో పుట్నాలు పోసి, తింటూ పొమ్మనేవారు. మార్కులు గొప్పవేం కావు గానీ పాసయ్యాను. ఇప్పుడు ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో కెమిస్టుని. ఆవిడ ఆ ఫారం సొరుగులో పెట్టకపోతే ఇవాళ్టికీ నేను డబ్బాలకు లేబుళ్లు అంటిస్తూ ఉండేదాన్ని. అది చిన్నపని అని కాదు. చదవాలనుకున్న మనిషిని గనక ఆ బాధ నన్ను జన్మంతా తినేది. ఆవిడ ఉండగా ఈ మాట ఎదురుగా చెప్పాల్సింది, చెప్పలేదు.

ఆ సోమవారం సగం రోజు సెలవు పెట్టి, స్నేహితురాలితో కలిసి పోయి ఆవిడను ఆఖరిసారి చూసి వచ్చాను. మంగళవారం మళ్లీ డ్యూటీ. క్యాంటీన్‌లో ప్యాకింగ్‌లోకి కొత్తగా వచ్చిన అమ్మాయి నా ఎదురుగా కూర్చుంది. డిగ్రీ సెకండియర్ అట. టీసీ తీసుకుని ఇంటర్ మెమో తేవాలట, పదో తరగతిది కాంట్రాక్టరు ముందే తీసుకున్నాడట. అన్నం అక్కడే వదిలేసి ఆమెను వెంటబెట్టుకుని అతని టేబుల్ దగ్గరికి పోయాను.

"ల్యాబ్ మేడంకు లేబర్ ముచ్చట ఎందుకు?" అన్నాడతను.

"గీ పిల్లకు పరీక్షలున్నయి. ఆమె కాయితం ఆమెకియ్యి, ఇంటర్ది జిరాక్స్ సాలు. లేకుంటే పెద్దాఫీసుల కూసొని మాట్లాడుకుందాం" అన్నాను.

అతను గొణుక్కుంటూ బీరువా తెరిచి పదో తరగతి మెమో ఇచ్చాడు. ఆ అమ్మాయి దాన్ని వెంటనే కవరులో పెట్టుకోలేదు. తన పేరు సరిగ్గా ఉందో లేదో వేలు పెట్టి ఒక్కో అక్షరం చూసుకుంది. మర్నాడు నేనే ఆమె షిఫ్టు మధ్యాహ్నానికి మార్పించాను.

గురువారం పొద్దున పాశమైలారం చౌరస్తాలో బస్సు దిగాను. రోడ్డుకు అవతల ఆ అమ్మాయి సంగారెడ్డి బస్సు కోసం నిలబడి ఉంది. ఒక చేతిలో టిఫిన్ డబ్బా, చంకలో రికార్డు బుక్కు. పిలుద్దామనుకుని ఆగాను. సంగారెడ్డి బస్సు వచ్చి మా ఇద్దరి మధ్య ఆగింది. అది కదిలి పోయేసరికి, అవతల ఎవరూ లేరు.