యాభై బొమ్మలూ తప్పు చెప్పిన మొనగాణ్ణి

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఇంజన్లకే బుద్ధి చెప్పిన ఫిట్టర్ని నేను. అలాంటి నా పరువు ఒక గొడుగు బొమ్మ నిలువునా తీసేసిందంటే నమ్ముతారా? ఆ కోపం ఇంకా చల్లారలేదు. అప్పటికి నాది అరవై ఆరేళ్ళ లేబ్రాయం, బుద్ధి కుదురుకోని వయసు.

మా ఊరి ప్రేమ్ బజార్‌లో ఎవరో విద్యార్థి సైకిలు పోయింది. టీ కొట్టు దగ్గర తలా ఒక మాట అంటుంటే ఊరుకోలేక, దొంగను కళ్ళారా చూశానన్నాను. కథ చప్పగా ఉంటుందని, వాడు కుంటుతూ పారిపోయాడని కాస్త తాలింపు కూడా వేశాను. ఆ బజారంతటికీ కుంటే మనిషి సైకిళ్ళు బాగుచేసే గోపాల్ ఒక్కడేనని నాకు తట్టలేదు. పోలీసులకు వెంటనే తట్టింది. అతన్ని లోపల వేశారు, నన్ను సాక్షిని చేశారు.

నిజం చెబితే నా పరువు పోతుంది, చెప్పకపోతే గోపాల్ జైలుకు పోతాడు. వర్క్‌షాపులో ఏ ఎంక్వయిరీ వచ్చినా మా అందరిదీ ఒకటే మందు: "గుర్తు లేదు సార్." సాక్షికి మతి పోతే కేసూ పోతుందని లెక్కవేసి, కోర్టులో అదే వాడాను. తలకు దెబ్బ తగిలిందనీ, దొంగే కాదు, నా పెళ్ళి కూడా గుర్తులేదనీ చెప్పాను. జడ్జిగారు ఎగాదిగా చూసి, కోర్టు కేసుల్లో మనుషుల మనసు పరీక్షించే సైకాలజిస్టు దగ్గరికి పంపారు.

ఆ సైకాలజిస్టు బెంగాలీ మేడం, ఒక మూల కూర్చుంది. పరీక్ష పెట్టింది ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న మా శ్రీకాకుళం పిల్ల. యాభై బొమ్మలు ఒక్కొక్కటే చూపించి, ఆ తర్వాత రెండేసి ముందు పెట్టి, ఇందాక చూసింది ఏదని అడిగింది. గొడుగు చూశాను కనక, దాని పక్కనున్న కెటిల్ మీద వేలు పెట్టాను. మతిమరుపంటే అలా ఉండాలి మరి! యాభైకి యాభై తప్పు చెప్పి, మీసం దువ్వుకున్నాను.

ఆ పిల్ల కాగితం మీంచి తలెత్తింది. "తాతా, కళ్ళు మూసుకుని వేలెట్టినా సగం రైటొస్తాయి. మీకు ఒక్కటీ రానేదు. యాభయ్యీ గుర్తుంటేనే అలాగవుద్ది."

నాకు ఒళ్ళు మండింది. "ముసిలోణ్ణి బొమ్మలెట్టి మోసం సేస్తావా? ఇదేటి సదువమ్మా?"

"ఇదే తాతా నాను నేర్సుకుంటున్నది. మీరు నటించినారని రాస్తే, కోర్టోలు ఏటనుకుంటారు? గోపాలే మిమ్మల్ని బెదిరించినాడనుకుంటారు."

నా మందు గోపాల్‌కే విషమైంది. 

"నాను ఆ దినం బజారుకే ఎల్లనేదమ్మా," అన్నాను. "పూరీ గేటు పేటలో, మా ఇంట్లో తొంగున్నాను."

ఆ పిల్ల హిందీలో చెప్పగా, మేడం ఠీక్ హై అని తలూపింది. ఆ ముక్కే కోర్టులోనూ చెప్పాను. గోపాల్ బయటికొచ్చాడు. జడ్జిగారు తిట్టిన తిట్లు మాత్రం నిజంగానే గుర్తులేవు.

కనక అందరూ వినండి. ఇకమీదట ఈ జన్మలో మతిమరుపు నటించను. తప్పనిసరైతే, లెక్క ప్రకారం సగమే మరిచిపోతాను.